చెప్పుకుంటే తగ్గే నొప్పి

పోయిన వారం మాగాయ గురించి రాస్తూ, మధ్యలో ఒక్క ముక్క అన్నాను. "గట్టు దగ్గర నిలబడి కాయలన్నీ తరిగేసరికి నా మడమలు పనైపోయాయి" అని. అంతే! మాగాయలో ఉప్పెంత, కారమెంత అని ఎవరూ అడగలేదు. పక్క ఫ్లాటావిడ లిఫ్టులో పట్టుకుని "మీకూ మడమేనా?" అంది. మా పిన్ని ఫోను చేసి "పొద్దున్నే మంచం దిగాలంటే భయమేస్తోందే" అంది. కూరల బజారులో ఎప్పుడో పరిచయమైన ఒకావిడ బెండకాయలు ఏరుకుంటూనే పావుగంట తన కాళ్ల కథ చెప్పింది. ఇంతమందిమి ఇన్నాళ్లూ నోరు మూసుకుని కుంటుతున్నామన్నమాట!

అందుకని ఈ వారం వంట లేదండీ. ఆ వంట చేసే మనిషిని నిలబెడుతున్న రెండు పాదాల గురించి మాట్లాడుకుందాం. నేను డాక్టర్ని కాదు, ఇంటర్‌తో చదువాపేసిన ఇల్లాలిని. నా కాలికి తగిలింది, డాక్టరుగారు నాకు చెప్పింది, నేను డబ్బు పోసి నేర్చుకున్నది మాత్రమే చెప్తాను.

అద్దంలాంటి నేల

2021లో మేం తెనాలిలో అద్దె ఇల్లు వదిలి గుంటూరులో సొంత ఫ్లాటుకి వచ్చాం. గృహప్రవేశం నాడు హాల్లో తెల్లటి టైల్స్ మీద నా ముఖం నాకే కనపడుతుంటే మురిసిపోయాను. వంటింట్లో నల్ల గ్రానైటు గట్టు, కింద కూడా టైల్సే. తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే చాలు, మెరిసిపోతుంది. ఇరవై ఏళ్లు పగిలిన గచ్చు సందుల్లో మట్టి గీకిన దాన్ని, నాకు అది స్వర్గంలాగే అనిపించింది.

ఆరు నెలలు తిరిగేసరికి ఆ స్వర్గంలో అడుగు పెట్టాలంటే ప్రాణం పోతోంది. పొద్దున్నే అయిదింటికి మంచం దిగి కుడికాలు కింద ఆన్చగానే, మడమలో మేకు దిగినట్టు ఒక పోటు. గోడ పట్టుకుని పది అడుగులు వేస్తే కాస్త సర్దుకునేది. కాఫీ, టిఫిను, క్యారేజీలు అయ్యేదాకా బానే ఉండేది. పదింటికి కుర్చీలో కాసేపు కూర్చుని లేస్తే మళ్లీ మొదలు. సాయంత్రం వంటకి నిలబడేసరికి రెండు కాళ్లూ సలుపు.

మావారితో అంటే "బరువు తగ్గు, అదే పోతుంది" అన్నారు. అబద్ధమని అనను, ఫ్లాటుకొచ్చాక నాలుగు కేజీలు పెరిగిన మాట నిజమే. కానీ మంచం దిగలేని మనిషి వాకింగ్‌కి ఎలా వెళ్తుందో ఆయన చెప్పలేదు. మా అబ్బాయి నా నడక అనుకరించి నవ్వాడు. మా అత్తగారు "నీ వయసులో నేను బిందెలతో నీళ్లు మోశానమ్మాయ్" అన్నారు. ఇక నేను చెప్పడం మానేశాను. ఆముదం రాసుకున్నాను, ఉప్పునీళ్లలో కాళ్లు పెట్టుకున్నాను, మందుల షాపులో ఇచ్చిన బామ్ ఒక డబ్బా అవగొట్టాను. ఆ కాసేపు హాయిగా ఉండేది, మర్నాడు పొద్దున మేకు మేకే.

ఒకరోజు అన్నం వార్చడానికి గిన్నె దింపి సింకు వైపు తిరిగాను. మడమ కలుక్కుమని కాలు నిలవలేదు. వేడి గంజి సగం గట్టు మీద, సగం నేల మీద. నా కాళ్ల మీద పడకపోవడం నా అదృష్టం. ఆ రోజు మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా ఎముకల డాక్టరు దగ్గరికి ఆటోలో వెళ్లాను.

డాక్టరుగారు చెప్పింది

ఆయన నా మడమ కింద, లోపలి వైపు ఒక చోట బొటనవేలితో నొక్కారు. కెవ్వుమన్నాను. "ప్లాంటార్ ఫేషియైటిస్ అమ్మా" అన్నారు. పేరు విని బెదిరిపోయాను. ఆయన కాగితం మీద పాదం బొమ్మ వేసి చూపించారు. మడమ ఎముక నుంచి వేళ్ల దాకా అరికాలి కింద ఒక గట్టి పట్టీ ఉంటుందట. విల్లుకి నారి ఎలాగో, పాదం వంపుకి అది అలాగ. రోజంతా దాని మీద బరువు పడితే మడమ దగ్గర అది దెబ్బతింటుంది. రాత్రి పడుకున్నప్పుడు బిగుసుకుంటుంది. పొద్దున్నే మొదటి అడుగుతో ఒక్కసారిగా సాగుతుంది. అదే ఆ మేకు.

నలభై నుంచి అరవై ఏళ్ల మధ్య ఇది ఎక్కువగా కనిపిస్తుందనీ, వయసుతో పాటు మడమ కింద మెత్తగా ఉండే కొవ్వు దిండు కూడా పలచబడుతుందనీ చెప్పారు. బరువు, బిగుసుకున్న పిక్కలు, గట్టి నేల మీద గంటల తరబడి నిలబడటం, ఇవన్నీ కలుస్తాయి. "ఎముక పెరిగిందా డాక్టరుగారూ?" అని అడిగాను, మా పిన్నికి ఎవరో అలా చెప్పి భయపెట్టారు లెండి. ఎక్స్‌రేలో మడమ దగ్గర ఎముక మొనలా కనిపించినా ఏ నొప్పీ లేకుండా తిరిగేవాళ్లు చాలామంది ఉన్నారట. ఆ మొనని చూసి బెంగ పెట్టుకోవద్దన్నారు.

తర్వాత అడిగారు, "ఇంట్లో చెప్పులు వేసుకుంటారా?" అని. "అయ్యో, ఇంట్లో చెప్పులేమిటండీ!" అన్నాను. ఆయన నవ్వి, "రోజుకి ఎన్ని గంటలు బయట ఉంటారు, ఎన్ని గంటలు ఇంట్లో ఉంటారు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. బయటికి వెళ్లేది గంట. ఆ గంట కోసం ఖరీదైన చెప్పులు. మిగిలిన రోజంతా ఒట్టి కాళ్లు, రాతి నేల.

మన అమ్మలకి లేని నొప్పి మనకెందుకు?

ఆటోలో వస్తూ ఇదే ఆలోచించాను. తెనాలి ఇంట్లోనూ నేల మెత్తనేం కాదు. హాల్లో నాపరాళ్లు, వంటింట్లో ఎర్ర గచ్చు. మా అమ్మ పుట్టింట్లో అయితే పేడతో అలికిన మట్టి నేల. మరి అప్పుడు లేనిది ఇప్పుడెందుకొచ్చింది?

ఆలోచిస్తే తెలిసింది. మా అమ్మ కత్తిపీట ముందు కూర్చుని కూర తరిగేది, పీట వేసుకుని పొయ్యి ముందు కూర్చుని వండేది, కూర్చునే రుబ్బేది, కూర్చునే చాటలో బియ్యం చెరిగేది. ఆవిడ మోకాళ్లు అరిగాయేమో గానీ మడమలకి విశ్రాంతి ఉండేది. మనకి వంటగట్టు వచ్చింది, గ్యాసు పొయ్యి పైకెక్కింది, మిక్సీ పైకెక్కింది, మనం లేచి నిలబడ్డాం. నిలబడి తరుగుతాం, నిలబడి వండుతాం, నిలబడి తోముతాం, నిలబడే ఇస్త్రీ చేస్తాం. ఒక్కోసారి నిలబడే తింటాం కూడా, కదూ?

ఇంకో సంగతి. తెనాలిలో నాకు పెరడు ఉండేది. బట్టలు ఉతకడం, అంట్లు, నీళ్లు తోడటం, మొక్కలు, అన్నీ పెరట్లోనే. గుమ్మం దాటగానే కాళ్లకి చెప్పులు. అంటే సగం పని చెప్పులతోనే చేసేదాన్ని. ఫ్లాటులో పెరడు లేదు. పని అంతా లోపలికొచ్చింది, చెప్పులు మాత్రం గుమ్మం బయటే ఉండిపోయాయి! అంతకు మించి వేరే మర్మం ఏమీ లేదండీ.

నా దొంగ చెప్పులు

ఇంటికెళ్లి అత్తగారితో మెల్లిగా అన్నాను, "డాక్టరుగారు ఇంట్లో మెత్తటి చెప్పులు వేసుకోమన్నారు అత్తయ్యా" అని. ఆవిడ నా ముఖంలోకి చూసి, "చెప్పులతో వంటింట్లోకా? దేవుడికి నైవేద్యం వండే చోట?" అన్నారు. గొడవేం చేయలేదు, గట్టిగా కూడా అనలేదు. కానీ ఆ మాట తర్వాత నేనేం మాట్లాడను? మావారు పేపరు మీంచి తలెత్తలేదు.

అందుకని నేను దొంగదారి పట్టాను. ముందు మేజోళ్లు కొన్నాను, చెప్పులు కావు కదా అని. రెండో రోజే తడి టైలు మీద జర్రున జారి ఫ్రిజ్ పట్టుకుని ఆగాను. నున్నటి నేల మీద మేజోళ్లు వద్దే వద్దు.

తర్వాత బాత్రూంలో వాడే పాత హవాయి చెప్పులు కడిగి, అత్తగారు మధ్యాహ్నం పడుకున్నప్పుడు వేసుకునేదాన్ని. టపటప చప్పుడు కాకుండా దొంగలాగా నడవడం! అవి అరిగి అట్టల్లా పలచబడ్డాయి, ఎంత వేసుకున్నా నేల మీద నడిచినట్టే ఉండేది. పైగా జారకుండా వేళ్లతో పట్టుకుని నడవాలేమో, వేళ్లు కూడా నొప్పి.

తర్వాత ఎగ్జిబిషన్‌లో ముళ్లముళ్లగా ఉండే ఆక్యుప్రెషర్ చెప్పులు తెచ్చాను. "రోజూ వేసుకుంటే నొప్పులన్నీ పోతాయి" అన్నాడు అమ్మినతను. అసలే పుండులా ఉన్న మడమకి ఆ బుడిపెలు గుచ్చుకుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వాటిని అటక మీద పడేశాను. నాలుగోసారి బొచ్చు బొచ్చుగా కుందేలుపిల్లల్లా ఉన్న స్లిప్పర్లు. చూడముచ్చటగా ఉన్నాయి, కాలు పెడితే దూదిలా కుంగిపోతాయి. వంటింట్లో ఒక్కసారి నీళ్లు పడితే రెండు రోజులు ఆరవు, వాసన. నాలుగు జతలకీ కలిపి 900 రూపాయలు పైనే పోశాను. మీరు పోయకండి, అందుకే ఇంత వివరంగా చెప్తున్నాను.

తెల్ల టైలు మీద ఎర్ర మరక

ఇలా దాగుడుమూతలాడుతున్న రోజుల్లోనే, ఒక పొద్దున నేల తుడుస్తుంటే హాల్లో అక్కడక్కడ ఎర్రటి మరకలు కనిపించాయి. కుంకుమేమో అనుకున్నాను. తుడుస్తూ వెళ్తే ఆ మరకలు అత్తగారి మంచం దగ్గరికి తీసుకెళ్లాయి. ఆవిడ కాలు ఎత్తి చూస్తే, బొటనవేలి కింద గుండుసూది సగం దిగి ఉంది! చుట్టూ ఎర్రగా వాచింది. ఎప్పుడు గుచ్చుకుందో ఆవిడకి తెలియదు. నొప్పే లేదన్నారు. ఆవిడకి పదిహేనేళ్లుగా షుగరు.

ఆస్పత్రిలో సూది తీసి, కట్టు కట్టి, ఆవిడ అరికాళ్ల మీద సన్నటి నైలాను పోగులాంటిది ఆనించి "తెలుస్తోందా?" అని అడిగారు. సగం చోట్ల తెలియడం లేదన్నారు ఆవిడ. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గిపోయిందట. మడమ నొప్పితో నేను అల్లాడిపోతున్నాను గానీ, నొప్పి తెలియకపోవడం అంతకన్నా ప్రమాదమని ఆ రోజు అర్థమైంది. చిన్న గాయం కనిపెట్టకపోతే పుండవుతుంది, మానదు, ఒక్కోసారి వేలో కాలో తీసేయాల్సిన దాకా వెళ్తుంది. "ఇంట్లో కూడా ఒక్క అడుగు ఒట్టి కాళ్లతో వేయకూడదమ్మా" అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

ఆ సాయంత్రమే మావారు వెళ్లి వాళ్లమ్మకి చెప్పులు తెచ్చారు. ఒక్కరోజులో! ఎనిమిది నెలలు నేను గోడ పట్టుకుని నడిచిన ఇంట్లో, ఒక్క సాయంత్రంలో రూలు మారిపోయింది. నాకు కోపం రాలేదని అబద్ధం చెప్పను. వంటింట్లోకెళ్లి గిన్నెలు రెండు గట్టిగానే పెట్టాను. మావారికి అర్థమైనట్టుంది. మర్నాడు "నీక్కూడా తెచ్చుకో, డబ్బులిస్తాను" అన్నారు. "ఇద్దరం కలిసి వెళ్దాం, నాకు తొడిగి చూసుకోవాలి" అన్నాను. వెళ్లాం.

మా అత్తగారు నాతో ఏమీ అనలేదు. పది రోజుల తర్వాత ఒక పొద్దున, నేను మంచం దిగే వేళకి నా చెప్పుల జత మంచం పక్కన సరిగ్గా కాళ్లు పెట్టుకునే వైపు తిప్పి పెట్టి ఉంది. నేను కాదు పెట్టింది. నేనూ ఏమీ అనలేదు.

మడి మాటేమిటి?

మీలో చాలామంది ఇళ్లల్లో ఇదే అసలు చిక్కు అని నాకు తెలుసు. మేం చేసుకున్న ఏర్పాటు చెప్తాను, మీకు వీలుగా మార్చుకోండి. చెప్పులు లోపలికి రాకూడదని పెద్దవాళ్లు పెట్టింది వీధి మురికి లోపలికి రాకూడదని. అది మంచి మాటే. కాబట్టి ఇంటి చెప్పులు ఎప్పుడూ గుమ్మం దాటవు, బాత్రూంలోకి వెళ్లవు. దానికి వేరే జత. బాల్కనీలోకి వెళ్లినా వాటిని విప్పే వెళ్తాం. దేవుడి గది గడప దగ్గర విప్పేస్తాం. పూజ అయ్యే ఆ పావుగంట మందపాటి జంపఖానా మడత మీద నిలబడతాం. షుగరున్న అత్తగారు మాత్రం దేవుడి ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటారు. ఆ గదిని ముందు నేను చేత్తో తడిమి, సూదీ గాజుముక్కా లేవని చూసి, అప్పుడు పిలుస్తాను.

కొత్తగా కొన్న రోజే సబ్బునీళ్లతో కడిగి ఇంట్లోకి తెచ్చాం. "ఇవి చెప్పులు కావు అత్తయ్యా, కాళ్లకి దిండ్లు" అన్నాను. ఆవిడ "పేరేదైతేనేం" అన్నారు గానీ, నవ్వారు.

కొనేటప్పుడు ఏం చూడాలి?

ఇంటి చెప్పులే కదా అని గుమ్మం ముందుకొచ్చిన బండి మీద కళ్లు మూసుకుని కొనేయకండి. నేను ఇప్పుడు ఇలా చూసి కొంటున్నాను.

సాయంత్రం వెళ్లండి. రోజంతా తిరిగాక పాదాలు కొంచెం ఉబ్బుతాయి. పొద్దున సరిపోయినవి సాయంత్రం బిగుతవుతాయి. రెండు కాళ్లకీ తొడిగి, షాపులో గట్టి నేల మీద పది అడుగులు వేయండి. వేళ్ల ముందు అర అంగుళం చోటుండాలి, మడమ వెనక్కి వేలాడకూడదు.

మడమ దగ్గర బొటనవేలితో నొక్కండి. కొంచెం లోపలికెళ్లి తిరిగి పైకి రావాలి. రాయిలా ఉంటే వద్దు. దూదిలా అడుగంటితే అసలే వద్దు, మెత్తగా ఉన్నంత మాత్రాన మంచిది కాదు. కాలిని ఆపాలి కూడా.

రెండు చేతులతో పట్టుకుని తడిబట్ట పిండినట్టు మెలి పెట్టండి. మెలి తిరిగిపోతే పక్కన పెట్టేయండి. వేళ్లు మడతపడే చోట మాత్రం వంగాలి, మధ్యలో విరిగినట్టు వంగకూడదు.

పాదం మధ్య వంపు కింద చెప్పు కాస్త ఎత్తుగా ఉండి, ఆ వంపుకి ఆనాలి. మడమ వైపు ముందుకంటే కొంచెం, ఒకటి రెండు సెంటీమీటర్లు ఎత్తుంటే నాలాంటి నొప్పికి హాయి. అంతకన్నా ఎత్తు మడమలు ఇంట్లో వద్దు.

అడుగున గాడులు లోతుగా ఉండాలి. నున్నటి టైలు, ఒలికిన నీళ్లు, నూనె చుక్క, ఈ మూడూ మన వంటింట్లో ఎప్పుడూ ఉండేవే. పడితే మడమతో పోదు, తుంటి దాకా వస్తుంది.

పైన పట్టీ వెడల్పుగా ఉండాలి. చీర కుచ్చిళ్లు తట్టుకోకుండా ముందు భాగం మరీ పొడుగ్గా ఉండకూడదు.

మా అత్తగారికి కొన్నవి ఎం.సి.ఆర్. చెప్పులు. మైక్రో సెల్యులార్ రబ్బరు అంటారు. నిండా సన్నటి గాలి బుడగలుండే మెత్తటి రబ్బరు, బరువుని ఒక్క చోటే పడనీయకుండా అరికాలంతా పంచుతుంది. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో డాక్టర్ పాల్ బ్రాండ్, ఆయనతో పనిచేసినవాళ్లు స్పర్శ పోయిన కుష్ఠు రోగుల పాదాలకి పుండ్లు పడకుండా ఇలాంటి రబ్బరు చెప్పుల మీద ఎంతో కృషి చేశారు. షుగరు రోగులకి ఇప్పుడు అదే అక్కరకొస్తోంది. వాళ్లకి బొటనవేలి సందులో దూరే వారున్న చెప్పులు వద్దు, అక్కడ ఒరుసుకుని పుండు పడుతుంది. వెడల్పు పట్టీ, వెనక మడమ చుట్టూ కూడా పట్టీ ఉండాలి. స్పర్శ లేనివాళ్ల కాలి నుంచి చెప్పు జారిపోయినా వాళ్లకి తెలియదు మరి.

నావి ఈ.వి.ఏ. అనే తేలికైన నురుగు రబ్బరులాంటి దానితో చేసినవి, 450 రూపాయలు. వారానికి రెండుసార్లు సబ్బునీళ్లతో కడుగుతాను. నీడలోనే ఆరేయాలి, ఎండలో పెడితే కుంచించుకుపోతాయి. ఒక జత మా పిట్టగోడ మీద మండుటెండలో మర్చిపోయి నా కాలికి పట్టకుండా చేసుకున్నాను. నెలకోసారి చదునైన నేల మీద పెట్టి వెనక నుంచి చూడండి. ఒక పక్కకి ఒరిగినా, మడమ చోట గుంట పడి మళ్లీ లేవకపోయినా దాని పని అయిపోయినట్టే. పైకి కొత్తగా ఉంది కదా అని దాచుకోకండి.

చెప్పులతో పాటు ఇంకొంచెం

చెప్పులొక్కటే మంత్రం కాదు. పొద్దున్నే మంచం మీదే కూర్చుని, తువ్వాలు పాదం ముందు భాగానికి తగిలించి రెండు చివరలూ మెల్లగా మీ వైపు లాగండి. ముప్పై అంకెలు లెక్కపెట్టి వదలండి, మూడుసార్లు. ఆ తర్వాతే కాలు కింద పెట్టండి, అదీ చెప్పుల్లోనే. పగలు కుక్కరు కూతకోసం ఎదురుచూసేటప్పుడు, గోడకి చేతులానించి ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకానించి పిక్క సాగదీయండి. నీళ్లు పోసి ఫ్రీజరులో గడ్డకట్టించిన చిన్న ప్లాస్టిక్ సీసా మీద పలచటి గుడ్డ చుట్టి, కూర్చుని అరికాలితో అయిదు పది నిమిషాలు దొర్లించండి. షుగరుతో స్పర్శ తగ్గినవాళ్లు మాత్రం ఈ ఐసు పనీ చేయకూడదు, వేడినీళ్లలో కాళ్లూ పెట్టకూడదు. కాలినా వాళ్లకి తెలియదు.

సింకు ముందు, పొయ్యి ముందు జారని మందపాటి రబ్బరు మ్యాటు వేసుకోండి. కూరలు తరగడం, చపాతీ పిండి కలపడం, బట్టలు మడత పెట్టడం కుర్చీలో కూర్చుని చేయండి. నేను వంటింట్లో ఒక ఎత్తు స్టూలు వేసుకున్నాను. మొదట్లో కూర్చుని వండితే బద్ధకం అనుకుంటారేమోనని సిగ్గేసింది. ఇప్పుడు సిగ్గు లేదు, నొప్పీ దాదాపు లేదు.

అయితే నాలుగు రోజుల్లో తగ్గుతుందనుకోకండి. నాకు తేడా తెలియడానికి రెండు నెలలు, మేకు పూర్తిగా పోవడానికి తొమ్మిది నెలలు పట్టింది. నెలల వ్యవహారం అని డాక్టరుగారు ముందే చెప్పారు కాబట్టి విసుగుపడలేదు. మడమ వాచినా, ఎర్రబడినా, రాత్రి పడుకున్నప్పుడూ నొప్పి ఆగకపోయినా, దెబ్బ తగిలాక మొదలైనా, అరికాళ్లు మంటలు, తిమ్మిర్లు ఉన్నా ఇంటి వైద్యంతో ఊరుకోకుండా డాక్టరుకి చూపించండి. మంటలూ తిమ్మిర్లూ షుగరు వల్ల కావచ్చు, బి12 విటమిను తక్కువై కావచ్చు. రక్తపరీక్షలో తేలిపోతుంది. ఇంట్లో షుగరున్నవాళ్లుంటే రోజూ రాత్రి వాళ్ల అరికాళ్లు దీపం వెలుగులో చూడండి, వేళ్ల సందులు కూడా. నేను మా అత్తగారివి చూస్తాను. మొదట్లో "కోడలిచేత కాళ్లు పట్టించుకుంటున్నానని అనుకుంటారు" అని ముడుచుకునేవారు. ఇప్పుడు టీవీ చూస్తూనే కాలు చాపేస్తారు.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. మా ఇంట్లో అంట్లు తోమి, నేల తుడిచే అమ్మాయి రోజూ నాలుగిళ్లు చేస్తుంది. నాలుగిళ్ల ముందూ చెప్పులు విప్పి, ఒట్టి కాళ్లతో తడి టైలు మీద పని. నా కొత్త చెప్పులు వచ్చిన వారానికి గానీ ఆ అమ్మాయి కూడా గోడ పట్టుకుని లేస్తోందని నేను గమనించలేదు. నా నొప్పి ఇంట్లో ఎవరికీ పట్టలేదని ఉడుక్కున్న దాన్ని, నా కళ్లెదుట ఉన్న నొప్పి నాకు పట్టలేదు చూశారా! అడిగితే "ఎప్పటినుంచోనమ్మా, చెప్తే పని మానేస్తాననుకుంటారని చెప్పలేదు" అంది. తడిలో జారని జత ఒకటి కొని మా గుమ్మం లోపల పెట్టాను. అవి ఆ అమ్మాయివి, మా ఇంట్లోనే ఉంటాయి. మిగిలిన మూడిళ్ల సంగతి నా చేతిలో లేదు గానీ, వాటిలో ఒక ఇల్లాలు ఈ పత్రిక చదువుతుందని నాకు తెలుసు.

ఈ రాత్రి పని ముగించుకున్నాక మీ అరికాళ్లు ఒకసారి చూసుకోండి. ఇంట్లో అందరి చెప్పుల సైజూ మనకి నోటికి వచ్చు. మన సైజు చివరిసారి ఎప్పుడు కొలిపించుకున్నామో గుర్తు తెచ్చుకోండి. నొప్పి ఉంటే ఇంట్లో గట్టిగానే చెప్పండి, ఒకటికి నాలుగుసార్లు చెప్పండి. నాలాగా గంజి ఒలికేదాకా ఆగకండి.

వచ్చే వారం మళ్లీ వంటింట్లోనే కలుద్దాం. మాగాయ ఆరబెట్టేటప్పుడు ముక్క నల్లబడకుండా ఏం చేయాలో బాకీ ఉన్నాను కదా. కూర్చునే చేద్దాం లెండి!